మట్టి ట్రాక్ మెత్తన కాదు: ఒక స్ప్రింట్ కారు పల్టీ మీద కేస్ స్టడీ

గత సీజన్ జూలైలో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక అరమైలు మట్టి ట్రాక్ మీద జరిగిన ప్రమాదం ఇది. 360 క్లాస్ రెక్కల స్ప్రింట్ కారు మూడో మలుపులోకి దిగుతోంది. ముందున్న కారు ఒక్కసారిగా నెమ్మదించడంతో దాని వెనక చక్రం మీదికి ఈ కారు ముందు చక్రం ఎక్కేసింది. కారు గాల్లోకి లేచి, కుడి పక్కతో కాంక్రీట్ గోడను కొట్టుకుని, వరుసగా పల్టీలు కొట్టి తలకిందులుగా ఆగింది. డ్రైవర్ నలభై దాటిన మనిషి. వారమంతా ట్రాక్టర్లు రిపేరు చేసే షాపులో పని, శనివారం రాత్రి రేసు. కారును నిలబెట్టాక తనంతట తానే దిగి అంబులెన్స్ దాకా నడిచాడు. తలకు కంకషన్ (మెదడుకు తగిలిన కుదుపు), కుడి కాలర్ బోన్‌కు సన్నటి చీలిక, ఎడమ ముంజేయి వాపు, పొట్ట మీద అడ్డంగా నల్లటి కమిలిన గీత. అంతకు మించి ఏమీ లేదు.

నేను మెకానికల్ ఇంజనీర్‌ని. వారాంతాల్లో ఇక్కడి టీములకు సీట్లు, బెల్టులు సరిగ్గా అమర్చిపెట్టే పని చేస్తుంటాను. కారు యజమాని మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "ఒక్క బోల్టు కూడా విప్పలేదు, వచ్చి చూస్తారా" అన్నారు. ఇది చాలా అరుదు. మామూలుగా సోమవారానికల్లా చాసిస్ విప్పేసి, వంగినవి తీసేసి, పనికొచ్చేవి కొత్త ఫ్రేముకు ఎక్కించేస్తారు. ఆ పూట పల్టీ చెప్పాల్సిన సంగతులన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. ఈసారి ముట్టుకోకుండా ఉంచిన కారు దొరికింది కాబట్టి ప్రతి వస్తువునూ కొలిచి, ఫొటో తీసి రాసుకున్నాను.

దీన్ని తెలుగులో రాయడానికి కారణం మన ఇంజనీరింగ్ కాలేజీల్లో బాజా పోటీలకు బగ్గీలు కట్టే పిల్లలు. రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే ఇనుప గొట్టాల పంజరం), హార్నెస్ (బెల్టుల కూర్పు), చేతుల పట్టీలు వాళ్ళ రూల్ బుక్కులో కూడా ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వచ్చాయో, ఎందుకు వచ్చాయో తెలిస్తే బిగించేటప్పుడు చెయ్యి కాస్త జాగ్రత్తగా కదులుతుందని నా నమ్మకం.

కారు సంగతి

స్ప్రింట్ కారు మనం రోడ్డు మీద చూసే కారు కాదు. పెద్ద క్లాస్‌లో 410 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే సుమారు 6.7 లీటర్లు. దాదాపు 900 హార్స్‌పవర్ వస్తుంది. డ్రైవర్‌తో కలిపి బరువు 650 కిలోల లోపే. 360 క్లాస్ ఇంజన్ 5.9 లీటర్లు, 700 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. క్లచ్ లేదు, గేర్‌బాక్స్ లేదు, స్టార్టర్ లేదు. వెనక నుంచి ఒక ట్రక్కు తోస్తే ఇంజన్ అందుకుంటుంది. ఇంజన్ నుంచి వెనక ఇరుసుకు వెళ్ళే షాఫ్ట్ డ్రైవర్ కాళ్ళ మధ్యగా పోతుంది. ఇంధనమైన మెథనాల్ నింపిన టాంకు వీపు వెనక ఉంటుంది. తలుపుల్లేవు, అద్దాల్లేవు. ముఖం ముందు రాళ్ళను ఆపే ఇనుప జాలి ఒక్కటే ఉంటుంది. మలుపుల్లో కారు ముక్కు ఎడమకు పెట్టి, దాదాపు అడ్డంగా జారుతూ పోవాలి.

ఇలాంటి కారుకు మిగతా రేసింగ్ రంగాల కంటే ముందే రక్షణ వచ్చి ఉండాలి. కానీ చాలా విషయాల్లో ఆలస్యంగానే వచ్చింది. డబ్బు ఒక కారణం. ఇది ఎక్కువగా సొంత జేబుతో, సొంత షెడ్డులో నడిచే ఆట. ఇంకో కారణం "మట్టే కదా, మెత్తగా ఉంటుంది, కారు దొర్లిపోతుంది, దెబ్బ పంచుకుపోతుంది" అన్న మాట. ఇందులో సగం నిజం ఉంది. దొర్లే కారు తన వేగాన్ని కొంచెం కొంచెంగా వదులుకుంటుంది, అది మంచిదే. కానీ దొర్లడానికి ముందు గోడనో, పక్క కారు చక్రాన్నో తగిలిన ఆ మొదటి దెబ్బకు కింద మట్టి ఉందా తారు ఉందా అన్నది అనవసరం. మన కేసులో గాయాల్లో చాలావరకు ఆ మొదటి దెబ్బవే.

కేజ్ నిలబడింది

తల మీద కుడివైపు గొట్టం సుమారు అంగుళం లోపలికి వంగింది. వెల్డింగ్ ఎక్కడా తెగలేదు. కారు పైన బిగించే పెద్ద రెక్క అల్యూమినియం రేకు నలిగి ముద్దయింది. ఆ నలగడమే దాని ఉపకారం. ప్రతి పల్టీలో నేలను ముందు అదే తాకింది, కేజ్‌కు చేరాల్సిన దెబ్బలో కొంత తానే మింగింది. 1958లో ఒహాయోలో జిమ్ కుష్‌మన్ స్ప్రింట్ కారుకు రెక్క బిగించింది మలుపుల్లో పట్టు కోసం. ప్రాణరక్షణ దానితో పాటు వచ్చింది.

కేజ్ మాత్రం పట్టుబడితేగానీ రాలేదు. 1960ల్లో పెద్ద సిరీస్‌ల స్ప్రింట్ కార్లకు డ్రైవర్ తల వెనక ఒక చిన్న రోల్ బార్ తప్ప ఏమీ ఉండేది కాదు. కారు తిరగబడితే నేలకు తగిలేది మనిషి భుజాలూ తలే. 1966 జూన్ 11న పెన్సిల్వేనియాలోని రీడింగ్ ట్రాక్‌లో ఒకే ప్రమాదంలో జడ్ లార్సన్, రెడ్ రీగెల్ చనిపోయారు. అదే ఏడాది నవంబర్ 12న కాలిఫోర్నియాలోని ఆస్కాట్ పార్క్‌లో ఇంకో ప్రమాదం, డాన్ బ్రాన్సన్, డిక్ ఆట్కిన్స్ ఇద్దరూ పోయారు. ఒక్క సీజన్లో, రెండు ప్రమాదాల్లో, నలుగురు.

నన్ను బాగా ఆలోచింపజేసే సంగతి ఏమిటంటే, అప్పటికే అయొవాలోని నాక్స్‌విల్‌లాంటి చోట్ల స్థానికులు నడిపే సూపర్ మాడిఫైడ్ కార్లకు తల మీద కేజ్ ఉంది. పాత ప్యాసింజర్ కార్ల ఫ్రేములతో షెడ్డుల్లో కట్టిన బళ్ళు అవి. యూసాక్ అనే పేరున్న రేసింగ్ సంస్థ నడిపే సిరీస్‌లోనే కేజ్ లేదు. కేజ్ కింద దాక్కుని నడిపేవాడు మగాడా అనే రకం మాటలు అప్పుడు మామూలు. కారు అందం పోతుందన్న బాధ కూడా ఉండేది. 1970ల మొదట్లోగానీ ఆ పట్టు సడలలేదు. ఆ తర్వాత కేజ్ లేని స్ప్రింట్ కారును ఊహించడం కూడా ఎవరివల్లా కాలేదు. తర్వాత వచ్చిన ప్రతి వస్తువు విషయంలోనూ ఇదే వరస. ముందు వెక్కిరింత, తర్వాత ఒక చావు, ఆ తర్వాత రూలు.

సీటు, పాడింగ్, హెల్మెట్

సీటు మంచి కంపెనీ అల్యూమినియం ఫుల్ కంటైన్‌మెంట్ సీటు. అంటే నడుముకు, పక్కటెముకలకు, భుజాలకు, తలకు రెండు వైపులా దన్ను ఉండే రకం. 1990ల దాకా చాలామంది కూర్చున్నది తలకు ఏ దన్నూ లేని బకెట్ సీట్లలో. 2000, 2001లలో, అమెరికాలో స్టాక్ కార్ల రేసులు నడిపే పెద్ద సంస్థ నాస్కార్‌లో జరిగిన మరణాల తర్వాత ఈ సీట్లు పుంజుకున్నాయి. నాస్కార్ రెండో స్థాయి పోటీ అయిన బుష్ సిరీస్‌లో 1996, 1997 చాంపియన్ రాండీ లాజోయ్ సొంతంగా సీట్లు తయారుచేయడమే కాదు, చిన్న ట్రాకులు తిరిగి సీటు ఎందుకు ముఖ్యమో డ్రైవర్లకు చెప్పుకొచ్చారు. ఇలాంటి మనుషులకు ఈ ఆట చాలా రుణపడి ఉంది.

మన కారులో సీటు మంచిదే, బిగింపు బాగాలేదు. తలకు కుడివైపు ఉండే రెక్క బయటికి రెండు అంగుళాలు ఒంగిపోయి కనిపించింది. ఆ రెక్క వెనక నుంచి చాసిస్‌కు ఒక గొట్టం దన్నుగా బిగించాలి. ఆ గొట్టం లేదు. సీటు అడుగు బోల్టులకు వేసిన వాషర్లు రూపాయి బిళ్ళంత ఉన్నాయి. వాటిలో రెండు అల్యూమినియాన్ని సగం చీల్చుకుని లోపలికి దిగాయి. ఇంకొక్క దెబ్బ పడితే సీటు ఆ మూల ఊడొచ్చేది. వెడల్పాటి ప్లేట్లు వేసి ఉంటే ఆ బలం అంతటా పరుచుకునేది. సీటు వెల వెయ్యి డాలర్ల పైమాట. ఆ ప్లేట్లకు పట్టే ఖర్చు ఒక పూట భోజనం ఖర్చు.

పాడింగ్ దగ్గర తేడా కళ్ళకు కట్టినట్టు కనబడింది. తలకు కుడివైపు కేజ్ గొట్టానికి రేసింగ్ సామగ్రికి ప్రమాణాలు పెట్టే ఎస్ఎఫ్ఐ సంస్థ ముద్ర ఉన్న గట్టి పాడింగ్ ఉంది. చేత్తో నొక్కితే రాయిలా ఉంటుంది, "ఇదేం పాడింగ్" అనిపిస్తుంది. ఎడమవైపు ఏసీ పైపులకు చుట్టే మెత్తటి నల్ల ఫోమ్. హెల్మెట్ చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పాను. కుడివైపు పెంకు మీద నల్లటి రాపిడి మరక, అంతే. ఎడమ పైభాగంలో రంగు గోటి వెడల్పున పెచ్చులూడి, దాని చుట్టూ సాలెగూడులా సన్నని పగుళ్ళు. అక్కడ మెత్తటి ఫోమ్ పూర్తిగా నలిగిపోయి తల నేరుగా ఇనుముకే తగిలింది. చేతికి హాయిగా అనిపించే ఫోమ్ ఆ వేగం దగ్గర లేనట్టే లెక్క. కంకషన్ ఇక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం. పెద్ద దెబ్బ పడింది కుడివైపే, కానీ నొప్పి, వాపు ఎడమ నెత్తి మీద ఉన్నాయి.

ఆ హెల్మెట్ స్నెల్ ఎస్ఏ2020 రకం. 1956లో పీట్ స్నెల్ అనే రేసర్ తన హెల్మెట్ కాపాడలేక చనిపోతే, మరుసటి ఏడాది ఆయన పేరు మీద పెట్టిన సంస్థ ఇచ్చే ముద్ర అది. మోటార్‌సైకిల్ హెల్మెట్‌కు ఇచ్చే ఎం రకం ముద్ర వేరు. ఎస్ఏ రకానికి మంట పరీక్ష ఉంటుంది, రోల్ బార్ మీద తల కొట్టుకున్నట్టు చేసే పరీక్ష కూడా ఉంటుంది. బాజా పిల్లలు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. బైక్ హెల్మెట్‌ను కేజ్ లోపల కొట్టుకోవడానికి తయారుచేయలేదు.

బెల్టులు

ఎక్కువసేపు కూర్చున్నది బెల్టుల దగ్గరే. బెల్టు పొడవు సర్దే అడ్జస్టర్ ఇనుము నేత మీద జారినచోట దారం కరిగి నిగనిగలాడే చార పడుతుంది. భుజం బెల్టుల మీద ఆ చారలు రెండు పక్కలా దాదాపు సమానం. తుంటి మీదుగా కట్టే లాప్ బెల్టు మీద మాత్రం ఎడమ చార పొట్టి, కుడిది పొడుగు. అంటే కుడి లాప్ బెల్టు దెబ్బకు జారింది. ఎందుకని చూస్తే, సీటు పక్కనున్న రంధ్రం అంచు మీదుగా బెల్టు వంకర తిరిగి కిందికి పోతోంది. బెల్టు చాసిస్‌కు బిగించిన మూలం నుంచి తుంటి దాకా సూటిగా లాగాలి. మధ్యలో ఏ అంచు మీదా ఆనుకోకూడదు.

దీనికి సాక్ష్యం డ్రైవర్ పొట్ట మీదే ఉంది. ఆయన భార్య ఆ రాత్రి తీసిన ఫొటో నాకు పంపారు. కమిలిన గీత ఎడమవైపు తుంటి ఎముక మీదే ఉంది. కుడివైపు మాత్రం ఎముక దాటి రెండు వేళ్ళు పైకి, మెత్తటి పొట్ట మీదికి ఎక్కింది. లాప్ బెల్టు తుంటి ఎముకను పట్టుకోవాలి. పొట్ట మీదికి ఎక్కిందంటే ఆ బలం పేగుల మీద, నడుము వెన్నుపూసల మీద పడుతుంది. ఈయనకు కమలడంతో పోయింది. ఇంకాస్త గట్టి దెబ్బయితే ఆ రాత్రి ఆపరేషన్ థియేటర్లో గడిచేది.

బెల్టులు బిగించే వరస కూడా అడిగి తెలుసుకున్నాను. ముందు భుజాలవి లాగి, తర్వాత లాప్ బెల్టు లాగుతారట. భుజాలవి ముందు లాగితే లాప్ బెల్టు బకిల్‌తో సహా పైకి వస్తుంది. ఆ తర్వాత ఎంత లాగినా అది పొట్ట మీదే బిగుస్తుంది. ముందు లాప్ బెల్టు తుంటి ఎముకల మీద నొప్పి పుట్టేంత బిగించాలి. తర్వాత తొడల మధ్య పట్టీలు, చివరికి భుజాలు. ఇది రూల్ బుక్కులో ఉండదు, ఒకరు పక్కన నిలబడి చూపించాలి.

భుజం బెల్టులు వెనకకు వెళ్ళే కోణం బాగుంది. భుజం ఎత్తులో సూటిగానో, కాస్త దిగువగానో వెనక్కి పోవాలి. మరీ కిందికి కట్టేస్తే దెబ్బ తగిలినప్పుడు అవి భుజాలను కిందికి నొక్కుతాయి, ఆ భారమంతా వెన్నెముక మీద పడుతుంది. కాలర్ బోన్ చీలిక భుజం బెల్టు కిందే ఉంది. అది బెల్టు తన పని చేసిందనడానికి గుర్తు. బెల్టు లేకపోతే ఆ ఎముకకు బదులు ఛాతీ స్టీరింగ్‌కు తగిలేది.

ఇక తేదీ. బెల్టు మీది ఎస్ఎఫ్ఐ 16.1 ట్యాగు గడువు దాటలేదు. తయారైన తేదీ నుంచి రెండేళ్ళే ఆ గడువు. చాలామంది దీన్ని కంపెనీల వ్యాపారం అని విసుక్కుంటారు. ఎండకు నైలాన్ నేత ఎలా చచ్చుబడుతుందో లాగి చూసినవాళ్ళు ఆ మాట అనరు. పైగా మట్టి ట్రాక్‌లో ప్రతి వారం నేతలోకి సన్నటి ఇసుక దిగుతుంది, ప్రెషర్ వాషర్ నీళ్ళు దిగుతాయి. లోపల్లోపలే దారాలు కోసుకుపోతుంటాయి.

బెల్టు అడ్జస్టర్‌లో వంకరగా పడి నేత ఒక మూలకు పోగై తెగిపోవడాన్ని డంపింగ్ అంటారు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో నాస్కార్ దిగ్గజం డేల్ ఎర్న్‌హార్ట్ మరణించినప్పుడు ఆయన ఎడమ లాప్ బెల్టు తెగింది ఇలాగేనని ఆ ఆగస్టులో నాస్కార్ విడుదల చేసిన నివేదిక చెప్పింది. మన కారులో కుడి లాప్ బెల్టు అడ్జస్టర్ దగ్గర నేత ఒక మూలకు జరగడం అప్పుడే మొదలైంది. ఆ నేతను వేలితో తడిమినప్పుడు నిజంగా గుండె జారింది.

మెడ

ఈ డ్రైవర్ మెడకు ఏమీ కాలేదు. మెడ నొప్పి కూడా లేదు. కారణం ఆయన భుజాల మీదున్న హాన్స్ పరికరం.

బెల్టులు బలపడే కొద్దీ పాత ప్రమాదం ఒకటి బయటపడింది. ఒంటిని బెల్టులు కదలనివ్వవు, కానీ హెల్మెట్‌తో కలిపి బరువెక్కిన తలను ఆపేది ఏదీ లేదు. ముందు నుంచి దెబ్బ తగిలినప్పుడు తల ముందుకు దూసుకుపోతుంది, మెడ సాగుతుంది, పుర్రె అడుగున ఎముక విరుగుతుంది. వైద్యులు బేసిలార్ స్కల్ ఫ్రాక్చర్ అంటారు. 1981లో మిడ్-ఒహాయోలో పాట్రిక్ జాకెమార్ట్ ఇలాంటి గాయంతో చనిపోతే, ఆయన స్నేహితుడైన రేసర్ జిమ్ డౌనింగ్ తన బావమరిది వరసైన రాబర్ట్ హబ్బర్డ్‌తో మాట్లాడారు. హబ్బర్డ్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్. భుజాల మీద కాలర్‌లా కూర్చుని, భుజం బెల్టుల కింద ఇరుక్కుని, రెండు పట్టీలతో హెల్మెట్‌ను వెనక్కి పట్టి ఉంచే పరికరం వాళ్ళ ఆలోచనలోంచి పుట్టింది. 1990ల మొదట్లోనే అమ్మకానికి వచ్చినా కొన్నవాళ్ళు బహు తక్కువ. 2000లో ఆడమ్ పెటీ, కెన్నీ ఇర్విన్, 2001లో ఎర్న్‌హార్ట్, ఆ అక్టోబర్ 4న షార్లెట్‌లో బ్లేజ్ అలెగ్జాండర్ పోయారు. అప్పుడుగానీ తల, మెడలను పట్టి ఉంచే ఇలాంటి పరికరాన్ని నాస్కార్ తప్పనిసరి చేయలేదు.

మట్టి ట్రాకులకు అది చేరడానికి ఇంకా కాలం పట్టింది. డ్రైవర్ల అభ్యంతరం కొట్టిపారేయాల్సింది కాదు. కారు అడ్డంగా జారుతున్నప్పుడు ఎడమకు తల తిప్పి చూడాలి, హాన్స్ తల తిప్పనివ్వదు అనేవారు. మంట వస్తే కేజ్‌లోంచి బయటపడేటప్పుడు తట్టుకుంటుందని భయం. పట్టీ జారుతూ తల పక్కలకు తిరగనిచ్చే రకాలు వచ్చాక మొదటి అభ్యంతరం చాలావరకు తీరింది. వెలా దిగింది, కొన్ని వందల డాలర్లకే దొరికే రకాలు వచ్చాయి. రెండో అభ్యంతరానికి మందు సాధన ఒక్కటే. కళ్ళకు గంతలు కట్టుకుని, బకిల్ విప్పి, స్టీరింగ్ తీసేసి బయటికి రావడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవాలి.

ఈ కేసులో హాన్స్ కాపాడింది. కానీ అందులోనూ లోపం ఉంది. ఈ పరికరానికి ఎస్ఎఫ్ఐ 38.1 ప్రకారం ఐదేళ్ళకోసారి పరీక్ష చేయించి కొత్త స్టిక్కర్ వేయించాలి. ఆ స్టిక్కర్ గడువు ఎప్పుడో దాటింది. పట్టీలు పీచుపీచుగా ఉన్నాయి. రేసుకు ముందు జరిగే తనిఖీ, అంటే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో పరికరం ఉందా లేదా అని చూస్తారు, దాన్ని తిరగేసి స్టిక్కర్ చదివేవాళ్ళు తక్కువ.

మంట, మెథనాల్

మన కారులో మంట రాలేదు. టాంకు పైపెంకు పగిలింది, లోపలి రబ్బరు సంచి చిరగలేదు, ఒక్క చుక్క కారలేదు. అందుకే దీని మీద తక్కువ రాద్దామనుకున్నాను, కానీ ఒక పాత కేసు చెప్పకుండా ఉండలేను.

మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. పొగ రాదు. నీళ్ళతో ఆరుతుంది, అదొక్కటే దానిలో మంచి గుణం. దాని నుంచి కాపాడేది సూటు. ఒకప్పుడు నూలు బట్టను బోరాక్స్ నీళ్ళలో ముంచి ఆరబెట్టి వేసుకునేవారు. 1960ల్లో డ్యూపాంట్ నోమెక్స్ వచ్చింది. ఇప్పుడు ఎస్ఎఫ్ఐ 3.2ఏ సూట్లకు అంకెలుంటాయి. ఆ అంకె బట్టి చర్మానికి రెండో డిగ్రీ కాలిన గాయం అయ్యేలోగా దొరికే టైమ్ మారుతుంది. 3.2ఏ/1 అయితే 3 సెకన్లు, 3.2ఏ/5 అయితే 10 సెకన్లు, 3.2ఏ/20 అయితే 40 సెకన్లు. ఎంత ఖరీదైన సూటైనా ఇచ్చేది సెకన్లే.

1992 ఏప్రిల్ 3న కాన్సాస్‌లోని లేక్‌సైడ్ స్పీడ్‌వేలో డగ్ వుల్ఫ్‌గాంగ్ కారు గోడకు తగిలి అంటుకుంది. స్ప్రింట్ కార్లలో అతి పెద్ద రేసైన నాక్స్‌విల్ నేషనల్స్ ఐదుసార్లు గెలిచిన మనిషి. కొన్ని నిమిషాలు ఆ మంటలో ఇరుక్కుపోయారు. ఆయన తీవ్రంగా కాలిపోయి బతికారు, తర్వాత దావా వేశారు. రేసుకు ముందు బాధ్యత లేదని సంతకం చేయించుకున్న పత్రం ఉన్నా, మంటలార్పే ఏర్పాట్ల విషయంలో నిర్వాహకుల నిర్లక్ష్యం అంతకు మించినదని జ్యూరీ తేల్చి పన్నెండు లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇచ్చింది. 1997లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. సూటు కొనిచ్చే పది సెకన్లలో ఎవరు వస్తారు, ఏం పట్టుకుని వస్తారు అన్నది కూడా భద్రతా సామగ్రిలో భాగమేనని ఆ కేసు ఈ ఆటకు నేర్పింది. మన ట్రాక్‌లో ఆ రాత్రి మంటలార్పే బండి కారు ఆగకముందే కదిలింది. అది వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. వాళ్ళకు నా నమస్కారం.

చేతులు, కాళ్ళు

ఎడమ ముంజేయి వాపుకు కారణం చేతి పట్టీ వదులుగా ఉండడం. పల్టీ కొట్టేటప్పుడు చేతులు తమంతట తామే కేజ్ బయటికి విసిరేసినట్టు పోతాయి. వాటిని ఆపడానికే బెల్టు బకిల్‌కు కట్టే పట్టీలు. స్టీరింగ్ పూర్తిగా తిప్పేంత పొడవు చాలు, కేజ్ గొట్టం దాటకూడదు. ఈయన పట్టీ పొడవు దాటేలా ఉంది. షాఫ్ట్ చుట్టూ పట్టీ, మోకాలి దగ్గర ప్యాడ్ రెండూ బాగున్నాయి, కాళ్ళకు ఏమీ కాలేదు.

ఏం మార్చాం

కొత్త చాసిస్ వచ్చాక, పాత సీటు పారేసి అదే రకం కొత్తది తెచ్చాం. దెబ్బతిన్న అల్యూమినియాన్ని సరిచేసి మళ్ళీ వాడొద్దని గట్టిగా చెప్పాను. బోల్టుల కింద వెడల్పాటి స్టీల్ ప్లేట్లు, తల రెక్కకు రెండు వైపులా చాసిస్‌కు దన్ను గొట్టాలు వేశాం. లాప్ బెల్టు మూలాలు అంగుళంన్నర వెనక్కి జరిపాం, ఇప్పుడు సీటు రంధ్రం అంచు తగలదు. తల చేరగల ప్రతి గొట్టానికీ గట్టి పాడింగ్. కొత్త హెల్మెట్. హాన్స్‌ను కంపెనీకి పంపి కొత్త పట్టీలు వేయించారు.

తర్వాత ఒక పరీక్ష చేశాం. ప్రతి టీమూ చేయాలని నా కోరిక. డ్రైవర్ పూర్తి సామగ్రితో కూర్చుని, బెల్టులు సరైన వరసలో బిగించుకున్నాడు. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి పైకి లాగారు. హెల్మెట్‌కు, పై గొట్టానికి మధ్య ఎంత ఖాళీ మిగిలిందో నేను కొలిచాను. పాత అమరికలో ప్రమాదానికి ముందు ఉండే స్థితిని కట్టి చూస్తే లాగినప్పుడు అంగుళం కూడా మిగల్లేదు. కొత్తదాంట్లో మూడు అంగుళాలు మిగిలింది. కారు తలకిందులుగా ఉన్నప్పుడు ఆయన తల ఎక్కడుంటుందో ఆ కొలతే చెబుతుంది.

సీటు తప్ప మిగతా మార్పులన్నిటికీ కలిపి అయిన ఖర్చు ఒక సీజన్లో ఈ టీము కుడి వెనక టైర్లకు పెట్టే ఖర్చులో చిన్న భాగం. అప్పటిదాకా ఆ పని జరగకపోవడానికి డబ్బు కారణం కాదు. ప్రతి వస్తువూ కొన్నారు, ట్యాగులు కూడా చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. వాటన్నిటినీ ఒకే మనిషి ఒంటి మీద, ఒకే కారులో కలిపి ఎవరూ చూడలేదు. 1966లో కేజ్ లేక మనుషులు పోయారు. ఇప్పుడు మా దగ్గర కనబడే గాయాల్లో చాలావరకు ఉన్న వస్తువు సరిగ్గా కూర్చోక వచ్చేవి.

అన్నిటికీ అమరిక జవాబు కాదు, అది కూడా ఒప్పుకోవాలి. 2016 ఆగస్టులో కాన్సాస్‌లోని బెల్‌విల్‌లో బ్రయాన్ క్లాసన్ నడిపే మిడ్జెట్ కారు (స్ప్రింట్ కారు కంటే చిన్న రకం) తిరగబడ్డాక ఇంకో కారు వచ్చి కొట్టింది. తన తరంలో అత్యుత్తముల్లో ఒకడు, మర్నాడు చనిపోయాడు. ఆయన అవయవాలను దానం చేశారు. 2018 జూన్‌లో విస్కాన్సిన్‌లోని బీవర్ డ్యామ్‌లో జేసన్ జాన్సన్, ఆ సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియాలో గ్రెగ్ హాడ్నెట్ స్ప్రింట్ కారు ప్రమాదాల్లో పోయారు. వీళ్ళెవరూ అజాగ్రత్త మనుషులు కారు. గోడలు, కంచెలు, వెనకొచ్చే కార్లకు క్షణాల్లో హెచ్చరిక అందించే దీపాలు, రేడియోలు, ఇవి డ్రైవర్ జేబులోంచి వచ్చేవి కావు. ట్రాకులు పెట్టాల్సినవి. డేటోనాలాంటి పెద్ద తారు ట్రాకుల్లో ఉండే మెత్తటి సేఫర్ గోడలు పెట్టుకునే స్తోమత మా ఊరి మట్టి ట్రాకులకు లేదు. కానీ గేటు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన కాంక్రీట్ అంచును మూసేయడానికి స్తోమతతో పనిలేదు.

మా ట్రాక్ యాజమాన్యానికి ఈ కేసు ఫొటోలు, కొలతలు అన్నీ ఇచ్చాను. ఈ సీజన్ నుంచి టెక్‌లో రెండు కొత్తవి చేర్చారు. సామగ్రిని బల్ల మీద పెట్టి ట్యాగులు చూడడం కాకుండా, డ్రైవర్‌ను బెల్టులతో కూర్చోబెట్టి లాప్ బెల్టు ఎక్కడ పట్టుకుందో చేత్తో తడిమి చూస్తున్నారు. హాన్స్ తిరగేసి స్టిక్కర్ తేదీ రాసుకుంటున్నారు. మొదటి వారాల్లో లైన్ పొడవై గొణిగారు, ఇప్పుడు టీములే ముందుగా సర్దుకుని వస్తున్నాయి. మా డ్రైవర్ డాక్టర్ ఒప్పుకునేదాకా ఆగి, ఈ ఏడాది మే నెలలో మళ్ళీ కారెక్కాడు. మూడో మలుపు గేటు అంచు మీద యాజమాన్యంతో మాటలు నడుస్తున్నాయి. వచ్చే సీజన్‌కు ముందు అక్కడ గోడను కలిపేస్తామన్నారు.